శుభలేఖలో నాన్న

2023 వేసవి. ఏ.ఎస్. రావు నగర్‌లో మందుల షాపు పైన, మొదటి అంతస్తులో నా ఆఫీసు. ఒక కంప్యూటరు, ఒక జిరాక్స్ మిషను, నాలుగు కుర్చీలు, నేను. పాస్‌పోర్టులకు, వీసాలకు, పెళ్లి సర్టిఫికెట్లకు దరఖాస్తులు నింపడం నా వృత్తి. అప్పటికి పంతొమ్మిదేళ్లుగా అదే పని. నా చేత్తో నింపిన దరఖాస్తు వెనక్కి రాదని గొప్పలు చెప్పుకునేదాన్ని. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా, వచ్చినవాళ్లను చెడామడా కేకలేసేదాన్ని కూడా. నా పొగరు దించిన కేసు ఇది.

అల్వాల్ అబ్బాయి శ్రీకాంత్ ఉద్యోగం మీద వియత్నాంలో నాలుగేళ్లున్నాడు. అక్కడే లాన్ అనే అమ్మాయిని ఇష్టపడ్డాడు. ఇక్కడ మంచి ఉద్యోగం దొరకడంతో ఇద్దరూ వచ్చేశారు. ఆమె వచ్చింది టూరిస్టు వీసా మీద. అల్వాల్‌లోనే ఒక ఫంక్షన్ హాల్లో మన పద్ధతిలో పెళ్లి చేశారు. పెళ్లయిన వారానికి నా దగ్గరికి వచ్చారు.

"ఆంటీ, లాన్ ఇక్కడనే ఉండాలంటె ఏం జెయ్యాలె?" అన్నాడు శ్రీకాంత్.

చెప్పాను. ముందు పెళ్లి రిజిస్టర్ చేయించాలి. ఆ సర్టిఫికెట్ చూపించి టూరిస్టు వీసాను ఎంట్రీ వీసాగా మార్పించుకోవాలి. మన దేశస్థుల భార్యకో భర్తకో ఇచ్చే వీసా అది. రిజిస్ట్రేషన్ తర్వాత రెండేళ్ల కాపురం నిండితే ఓసీఐ కార్డుకు పెట్టుకోవచ్చు. అది ఉంటే ఎన్నాళ్లయినా ఉండవచ్చు, ఓటు మాత్రం ఉండదు. పౌరసత్వమే కావాలంటే ఏడేళ్లు ఇక్కడ నివసించాలి, సొంత దేశపు పౌరసత్వం వదులుకోవాలి.

లాన్ అంతా శ్రద్ధగా విని, వచ్చీరాని తెలుగులో, "నాకు ఇక్కడ ఉండటం చాలు" అంది.

రిజిస్ట్రేషన్ ఫారం నేనే నింపాను. పెళ్లి జరిగినట్టు రుజువుగా శుభలేఖ జత చేస్తాం. సగం వివరాలు నేను అందులోంచే ఎక్కిస్తాను. ఇంటివాళ్లు పదిసార్లు చూసుకుని అచ్చు వేయిస్తారు కాబట్టి పేర్లు తప్పు పోవు. లాన్ పాస్‌పోర్టులో తండ్రి పేరు లేదు. శుభలేఖలో మాత్రం చక్కగా ఉంది: శ్రీమతి లలిత, శ్రీ యాదగిరి దంపతుల కుమార్తె. ఫారం అడిగేది తండ్రి పేరొక్కటే, ఆ గడిలో యాదగిరి అని ఎక్కించేశాను. వియత్నాం పిల్లకు యాదగిరి తండ్రి ఎలా అయ్యాడని ఒక్క క్షణం కూడా ఆగలేదు.

అభ్యంతరాలుంటే చెప్పమని రిజిస్ట్రార్ ఆఫీసులో అంటించే నెల నోటీసు గడిచి, సర్టిఫికెట్ వచ్చింది. వీసా మార్పుకు పెట్టాం. అభ్యంతరం వచ్చింది. లాన్ జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు ఒకటి, పెళ్లి సర్టిఫికెట్లో ఇంకొకటి. అప్పుడు ఆరా తీస్తే తెలిసింది. కన్యాదానం చేయడానికి గోత్రం ఉన్న దంపతులు కావాలని పంతులుగారు అన్నారట. కాప్రాలో ఉండే యాదగిరి గారు శ్రీకాంత్ తండ్రికి స్నేహితుడు. రిటైరైన మనిషి, ఇద్దరూ కొడుకులే. భార్యాభర్తలు సంతోషంగా పీటల మీద కూర్చున్నారు. అందుకే శుభలేఖలో ఆ పేర్లు.

లాన్ టూరిస్టు వీసా గడువు ఇంకా పద్దెనిమిది రోజులే ఉంది. ఆమెకు నాలుగో నెల. గడువులోగా సర్టిఫికెట్ దిద్దించకపోతే దేశం వదిలి వెళ్లాలి. అక్కడి నుంచి మళ్లీ మొదలుపెడితే ఎన్ని నెలలో. ఈలోపు విమానం ఎక్కే రోజులు దాటిపోతాయి, శ్రీకాంత్ పక్కన లేకుండానే కాన్పు.

"తప్పు నాదే నాయనా" అన్నాను.

"పరేషాన్ గాకుండ్రి ఆంటీ. మేము సుత చూస్కోలే. ఎట్ల సరిజెయ్యాల్నో చెప్పుండ్రి" అన్నాడు శ్రీకాంత్.

లాన్ ఇంగ్లిషులో మెల్లగా అంది: "నేను సర్టిఫికెట్ వచ్చిన రోజే చూశాను మేడం. మా నాన్న నాకు ఆరేళ్లప్పుడు పోయారు. అప్పటి నుంచి ప్రతి ఫారంలో ఆయన పేరు పక్కన 'లేరు' అని రాస్తున్నాను. మొదటిసారి అక్కడ బతికున్న మనిషి పేరు కనబడింది. బాగుంది అనిపించి ఊరుకున్నాను."

నేను ఫైలు పట్టుకుని లేచాను.

సర్టిఫికెట్ దిద్దాలంటే యాదగిరి గారి అఫిడవిట్ కావాలన్నారు రిజిస్ట్రార్ ఆఫీసులో. అఫిడవిట్ అంటే ప్రమాణం చేసి రాసిచ్చే పత్రం. మర్నాడే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. నేను టైపు చేసింది చదివి ముఖం మాడ్చుకున్నారు.

"ఏందమ్మా గిది? పిల్లకు నేను తండ్రిని కాదని రాసియ్యాల్నా?"

"దత్తత కూడా తీసుకోలేదని రాయాలండి."

"పదిమంది ముంగట అల్లుని కాళ్లు కడిగిన. పిల్ల చెయ్యి ఆయన చేతుల వెట్టిన. గిప్పుడు స్టాంపు కాయితం మీద కాదంటె ఎట్ల?"

ఎంత చెప్పినా ఆయన మొహం తేటపడలేదు. అలాగే అందరం పక్క వీధి నోటరీ దగ్గరికి వెళ్లాం. పెన్ను పట్టుకుని కూర్చున్నారే గాని సంతకం చేయరు. లాన్ వంగి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"సంతకం పెట్టు నాన్నా. నేను ఇక్కడ ఉండాలి."

నోటరీ తలెత్తాడు. "ఏందీ, నాన్న అంటుంది గదా? మీరేమో కాదని రాస్తున్నరు!"

యాదగిరి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, నిదానంగా సంతకం పెట్టారు.

"కాయితానికే కాను సార్. ఇంటికి తండ్రినే. మీరు ముద్ర గుద్దుండ్రి."

పదకొండో రోజున దిద్దిన సర్టిఫికెట్ వచ్చింది. గడువు లోపలే పెట్టాం, వీసా మారింది. ఆ కుటుంబం నన్ను ఒక్క మాట అనలేదు. కడుపుతో ఉన్న పిల్లను దేశం దాటించబోయిన తప్పు అది. ఆ పెద్దాయన మనసు చంపుకుని పెట్టిన సంతకంతో నేను గట్టెక్కాను. ఆ రుణం నాకెప్పుడూ గుర్తే.

అప్పటి నుంచి విదేశీ కోడలెవరైనా వస్తే, పాస్‌పోర్టు అడగకముందే "కన్యాదానం ఎవరు చేశారు?" అని అడుగుతాను. కొందరు నవ్వుతారు. నవ్వనీ. జనన ధ్రువపత్రం చూశాకే శుభలేఖ ముట్టుకుంటాను. అక్షరం తప్పినవాళ్లను కేకలేయడం కూడా మానేశాను.

పాత సర్టిఫికెట్ రిజిస్ట్రార్ ఆఫీసులో తిరిగి ఇచ్చేయాల్సిన రోజున యాదగిరి గారు మళ్లీ వచ్చారు. మిషను దగ్గర నిలబడి, "అమ్మా, గా తప్పు కాయితం జెర ఒక జిరాక్స్ తీసియ్యరాదు" అన్నారు. తీసిచ్చాను. లాన్ పాప బారసాలకు కాప్రాలో ఆయన ఇంటికి వెళ్లినప్పుడు చూశాను, హాల్లో పెళ్లి ఫొటో పక్కనే ఆ జిరాక్స్ కూడా ఫ్రేము కట్టించి ఉంది. తండ్రి పేరు గడిలో, నేను చేసిన తప్పు అలాగే ఉంది.