గుమ్మడికాయ నా చేతిలో, ఫోన్లన్నీ నల్లప్ప చేతిలో

రాప్తాడులో హైవే దిగి ఊళ్లోకి తిరిగితే ఎడమచేతి పక్కన మా అంగళ్ల వరస కనిపిస్తుంది. మొదటిది నా మోటారు వైండింగ్ అంగడి. దాని పక్కన నల్లప్ప సెల్‌ఫోన్ల అంగడి, ఆ పక్కన ఓబిలేష్ వెల్డింగ్ షెడ్డు. ఒకప్పుడు ఈ వరసలో ఎవరి ఇంటికి దారి చెప్పాలన్నా ‘జయరామయ్య అంగడి దాటినాక’ అని నా పేరే చెప్పేవారు. ఇప్పుడు ‘నల్లప్ప అంగడి దాటినాక’ అంటున్నారు. నల్లప్ప జీవితం గురించి రాద్దామని కూర్చుంటే నా కలం మొదట ఈ మాట మీదికే పోయింది. పోనీ, అక్కడి నుంచే మొదలుపెడతాను.

నా సంగతి ముందు చెప్పాలి. చెప్పకపోతే నల్లప్ప సంగతి అర్థం కాదు. నేను మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఈ మండలంలో బోరు మోటారు విప్పి, కాలిన తీగ తీసేసి, కొత్త రాగి తీగ చుట్టి మళ్లీ తిప్పిన మొదటి మనిషిని నేనే. అంతకుముందు మోటారు కాలితే బండి కట్టుకుని అనంతపురం పోవలసి వచ్చేది. వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్లలో, బోర్లు ఆరువందల అడుగులు దాటిన రోజుల్లో, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక మోటార్లు కాలిపోతుంటే అన్నం కూడా అంగట్లోనే తిని చుట్టాను. ఊళ్లో మొదటి టీవీకి యాంటెన్నా ఎత్తింది నేను. మండలాఫీసులో అప్పటి ఆఫీసరు నాకు శాలువా కప్పాడు. ఆ ఫొటో ఇంకా నా అంగట్లో ఉంది. ఎండకు కొంచెం తెల్లబారింది.

నల్లప్ప అలా వచ్చినవాడు కాదు. పామిడి నుంచి గడియారాలు బాగుచేసే అద్దాల పెట్టె ఒకటి మోసుకుని వచ్చాడు. కూర్చోవడానికి నా అంగడి చూరు కింద చోటిచ్చింది నేను. కంటికి దుర్భిణీ తగిలించుకుని, చిమటాతో వెంట్రుకంత స్ప్రింగులు ఎత్తి పెడుతుంటే, ఇంత చిన్న పని చేసుకుని ఎట్లా బతుకుతాడో అనుకునేవాణ్ని. అందరి చేతుల్లోకి ఫోన్లు రాగానే గడియారాలు పోయాయి. ఇక ఈయన పెట్టె మూసేసి పామిడి బస్సెక్కుతాడని నాకు గట్టి నమ్మకం. ఎక్కలేదు. గడియారాన్ని చంపిన ఫోన్‌నే పట్టుకుని, అదే చిమటాతో, అదే దుర్భిణీతో దాన్ని విప్పడం నేర్చుకున్నాడు. ఏడాదిలోపే నా పక్కన ఖాళీగా ఉన్న గదిని బాడుగకు తీసుకున్నాడు. ఇప్పుడు ఆ గదికి బయట ఒక బోర్డు ఉంది. రాత్రి కూడా వెలుగుతుంది. నా బోర్డు పెయింటు బోర్డు.

ఆయన పని గురించి న్యాయంగా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఫోన్ చేతికివ్వగానే విప్పడు. ఏ జేబులో పెట్టుకుంటావని అడుగుతాడు. చొక్కా జేబు అంటే చెమట, ప్యాంటు జేబు అంటే పొలం మట్టి. మా నేల దుమ్ము సన్నం. ఛార్జింగు బొక్కలో చేరి గట్టిపడితే వైరు లోపలిదాకా దిగదు, ఛార్జింగు ఎక్కదు. జనం ఫోన్ చెడిపోయిందనుకుంటారు. నల్లప్ప ఫోన్ ఆపేసి, చీపురుపుల్లను బ్లేడుతో పలచగా చెక్కి, మెల్లగా గీరి ఆ దుమ్మంతా తీసేస్తాడు. పిన్నీసు పెట్టనివ్వడు. ఇనుము తగిలితే లోపలి పళ్లు వంగుతాయంటాడు. పక్కనున్న సన్న బొక్క మైకుదనీ, అందులో సూది గుచ్చితే ఇక మాట బయటికి పోదనీ వచ్చిన ప్రతి మనిషికీ చెబుతాడు. గోడకు అవతల కూర్చున్న నాకు కూడా కంఠతా వచ్చేసింది. ట్రాక్టరు బానెట్ మీద ఎండలో ఫోన్ పెట్టవద్దంటాడు. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే నొక్కి చూడకుండా, ఛార్జింగు పెట్టకుండా వెంటనే తెచ్చివ్వమంటాడు. తడిసిన ఫోన్‌ను బియ్యంలో పూడ్చి తెచ్చినవాళ్లను తిట్టి, ఆ బియ్యప్పొడి కూడా తానే దులుపుతాడు.

కంప్యూటర్లు కూడా తెస్తారు. వాటి పెట్టె తెరిచి దుమ్ము ఊదేటప్పుడు, లోపలి ఫ్యాను గాలికి వట్టినే గిర్రున తిరిగి చెడిపోకుండా దానికి పుల్ల అడ్డం పెడతాడు. ఆ ఊదే బ్లోయరు నాది. మోటార్లు ఊదడానికి నేను కొన్నది. అడిగి తీసుకుంటాడు, తుడిచి తెచ్చిస్తాడు. అయినా నాదే.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలతపెట్టింది బయమ్మ సంగతి. బయమ్మ కూరగాయలమ్మే మనిషి, అక్షరం రాదు. ఆమె ఫోన్‌లో పేర్లకు బదులు మొహాల ఫొటోలు పెట్టిచ్చాడు నల్లప్ప. కొడుకు ఫోన్ చేస్తే ఒక మోత, మార్కెట్ మండీవాళ్లు చేస్తే ఇంకొక మోత. తెర మీద అనవసరమైనవన్నీ తీసేసి నాలుగు బొమ్మలు మాత్రం ఉంచాడు. అప్పటి నుంచి ఆమె పోతూ వస్తూ ఆయన అంగట్లో గుప్పెడు మిరపకాయలో, రెండు వంకాయలో పెట్టి పోతుంది. ఆమె భర్త మోటారు నేను రెండుసార్లు చుట్టాను. నాకు ఎప్పుడూ వంకాయ రాలేదు.

ఇక గుమ్మడికాయ సంగతి. మా వరసలో ఆయుధపూజకు ఒక పద్ధతి ఉంది. మధ్యాహ్నానికి అందరి పనిముట్లూ నా అంగడి ముందు ఒకే పలక మీద చేర్చుతాం. పసుపు నీళ్లు చల్లి, కుంకుమ పెట్టేది నేను. పొద్దు గూకేటప్పుడు బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, వరసంతటికీ దిష్టి తీసి, రోడ్డు మధ్యన పగలగొట్టేదీ నేనే. ఎవరూ రాసివ్వలేదు. మొదటి అంగడి నాది కాబట్టి మొదటి నుంచీ నాదే. శాలువా ఒకసారి కప్పుతారు. గుమ్మడికాయ ఏటేటా వస్తుంది.

ఈ ఏడాది పండగకు వారం ముందు నల్లప్ప అంగట్లో టీ తాగుతుండగా ఓబిలేష్ అన్నాడు: “ఈసారి కాయ నల్లప్పన్న చేత కొట్టిద్దామప్పా. జనమంతా ఆయప్ప అంగట్లోనే కదా ఉండేది.”

ఎవరూ కాదనలేదు. నల్లప్ప కూడా కాదనలేదు. దుర్భిణీలోంచి తల ఎత్తకుండా ఏదో స్క్రూ వెతుక్కుంటున్నాడు. పండగనాడు చూద్దాంలే అని టీ గ్లాసు పెట్టేసి వచ్చాను. ఆ వారమంతా గోడ అవతల ఎవరు నవ్వినా నా గుమ్మడికాయ గురించేననిపించింది.

పండగనాడు పలక మీద పనిముట్లతోపాటు ఫోన్లు కూడా వచ్చి చేరాయి. ఇప్పుడు అందరికీ అదే పనిముట్టు. నల్లప్ప ముందే వచ్చి ప్రతి ఫోనూ ఆపేసి, పౌచ్ ఊడదీసి, పౌచ్‌లు మాత్రం పలక మీద పేర్చాడు. ఫోన్లన్నీ ఒక గుడ్డ మీద దూరంగా పెట్టాడు. నాతో చెప్పాడు: “కుంకుమ పౌచ్‌కు పెట్టన్నా. ఫోనుకు పెడితే మైకులోకి పోతాది. పోయినేడు పండగైనాక నెలంతా కుంకుమ గీరడమే అయిపాయ నాకు.”

కుంకుమ ఎక్కడ పెట్టాలో నాకు చెప్పేవాడు పుట్టాడన్నమాట. నా తీగ చుట్టే యంత్రానికి ఇంత కాలంగా నిండా కుంకుమ పెడుతున్నాను, ఒక్క పూట కూడా ఆగింది లేదు. నా ఫోన్ జేబులోంచి తీసి, పౌచ్ లేకుండానే ఆ యంత్రం మీద నిలబెట్టాను. పసుపు నీళ్లు చల్లాను. అడుగు అంచున, అందరికీ కనబడేట్టు, బొటనవేలంత బొట్టు పెట్టాను. నల్లప్ప చూశాడు. గుడ్డ మీది ఫోన్లను ఇంకాస్త దూరం జరిపాడు.

పూజ అయిన తర్వాత నాకు ఫోన్లు మొదలయ్యాయి. మోగుతోంది, ఎత్తుతున్నాను, అవతలివాళ్ల మాట నాకు వినబడుతోంది. నా మాట వాళ్లకు పోవడం లేదు. హలో హలో అని వాళ్లే పెట్టేస్తున్నారు. విషయం నాకు అర్థమైంది. పిన్నీసు తీసి ఆ సన్న బొక్క దగ్గర పెట్టాను. గోడ అవతలి నుంచి ఇన్నేళ్లుగా వింటున్న మాట గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. నా పనిలో నా చెయ్యి ఇంకొకరి మాటకు ఆగడం అదే మొదలు.

అప్పుడే నల్లప్ప గొంతు వినిపించింది. శింగనమల నుంచి రామాంజి అనే రైతు ఆయనకు ఫోన్ చేశాడు. ఆయన మోటారు చుట్టడం పూర్తయి నా దగ్గరే ఉంది. వేరుశనగ ఊడలు దిగే వేళ, తడి లేకపోతే కాయ నిలవదు. నా ఫోన్ పలకకపోయేసరికి పక్కంగడి అని నల్లప్పకు చేశాడు. నా గిరాకీని ఎవరి దగ్గరికి పంపుతాడో విందామని గోడకు చెవి పెట్టాను.

“మోటరు తయారుగా ఉండాది, సాయంత్రానికి రాపో,” అన్నాడు నల్లప్ప. “ఆయప్ప ఫోనుకు కుంకుమ పెట్టుకున్నాడులే, నోరు పడిపాయ దానికి.”

గిరాకీని నాకే ఉంచాడు, పరువును శింగనమల దాకా పంపాడు. వెళ్లక తప్పలేదు. ఫోన్ ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన నవ్వలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. ఫోన్ ఆపేసి, వెనక మూత విప్పి, మెత్తటి పొడి బ్రష్షుతో కుంకుమ రాల్చాడు. తర్వాత, వెంటనే ఆరిపోయే స్పిరిట్‌లో అద్దిన దూదిపుల్లతో లోపల తుడిచాడు. పని జరుగుతుండగా నేనే అడిగేశాను. సాయంత్రం కాయ కొట్టాలనుందా నీకు అని.

“నాకెందుకన్నా అది,” అన్నాడు తల ఎత్తకుండా. “ఆ బరువెత్తి కొడితే రెండురోజులు చెయ్యి వణుకుతాది. వణికే చెయ్యితో ఈ పని యాడ చేసేది. నువ్వే కొట్టు.”

నేను వారమంతా కాపలా కాసింది ఆయనకు అక్కర్లేని వస్తువుకు. పోట్లాడి గెలుచుకుని ఉంటే బాగుండేది. ఆయన వద్దన్నందుకు మిగిలినట్టయింది.

సాయంత్రం రామాంజి మోటారు బండికెక్కించి పంపాక కాయ ఎత్తాను. కర్పూరం వెలుగుతుండగా చుట్టూ చూశాను. ఓబిలేష్, బయమ్మ, వరసలోని వాళ్లంతా చేతులు పైకెత్తి ఉన్నారు. అన్ని చేతుల్లోనూ ఫోన్లు, ఆ ఫోన్లన్నీ నల్లప్ప విప్పి మూసినవే. గట్టిగా కొట్టాను. ఒక్క దెబ్బకు పగిలింది, ఇది మాత్రం రాసుకోవచ్చు. వీడియో పంపమని ఓబిలేష్‌ను అడిగితే, గుడ్ మార్నింగ్ బొమ్మలతో ఫోన్ నిండిపోయి కాయ ఎత్తేదాకే పడిందన్నాడు. మొత్తం తీసింది నల్లప్ప ఒక్కడే. నా ఫోన్ అడిగి తీసుకుని వీడియో ఎక్కించాడు. అడగకుండానే అక్షరాలు పెద్దవి చేశాడు, మోత పెంచాడు. తెర మీద నేను కాయ ఎత్తిన ఫొటో పెట్టిచ్చాడు.

ఇప్పుడు ఫోన్ తెరిచినప్పుడల్లా నేను కనిపిస్తాను. చేతులు పైకి, మొహం మీద కర్పూరం వెలుగు, ఈ వయసులో కూడా భుజాలు నిటారుగా. నా శాలువా ఫొటోకన్నా బాగుంది. నా తల వెనక, నా తలకన్నా పెద్దగా, నల్లప్ప బోర్డు వెలుగుతోంది. ఆ ఫొటో మార్చడం నాకు తెలియదు. మార్పించాలంటే ఆయన దగ్గరికే పోవాలి. పోలేదు.