ఫ్యాను తిరిగేది, తెర వెలిగేది కాదు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేడ్చల్ బస్టాండు వెనక నాకు కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉండేది. ఒక మధ్యాహ్నం కౌకూర్ నుంచి అత్తాకోడళ్లిద్దరు ఆటోలో కంప్యూటర్ తెచ్చారు. కోడలు లోపలికి వచ్చింది. అత్త గడప దాటకుండా బయటి బల్ల మీదే కూర్చుంది.

"మా ఆయన పోయిన దినమే ఇది గూడ బంద్ అయిందన్నా," అంది కోడలు. "ఇదే తన కొడుకును మింగిందని అత్తమ్మ దగ్గరికే రాదు. నాకేమో టైపింగ్ నేర్చుకునుడుంది."

స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది, బీప్ కూడా లేదు. ర్యామ్ మార్చాను, పవర్ సప్లై మార్చాను. ప్రాసెసర్ తీసి కొట్లో ఉన్న వేరే బోర్డులో పెడితే చక్కగా పనిచేసింది. చిప్పు బాగానే ఉందన్నమాట. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడే ఏదో అడ్డుపడుతోంది. బోర్డు గుర్తుపెట్టుకున్న సెట్టింగుల మీద అనుమానం వచ్చింది. వాటిని చెరిగిపోకుండా కాపాడే గుండీ సెల్లు తీసి, కాసేపు ఆగి, మళ్లీ పెట్టాను. తెర వెలిగింది.

"ఏమైండె దీనికి?"

"ప్రాసెసర్ స్పీడు మస్తు పెంచి పెట్టినట్టున్నరక్కా. అది తట్టుకోలేక మొదట్లనే ఆగిపోయింది. సెల్లు తీస్తే ఆ సెట్టింగు పోయింది."

ఆమె బయటి బల్ల వైపు ఒకసారి చూసింది.

"ఆ పొద్దు మా ఆయన స్పీడు పెంచుతనని ఏదో నొక్కిండు. తెర నల్లగైంది. దోస్తును అడిగొస్తనని బండి తీసిండు. షామీర్‌పేట రోడ్డు మీద లారీ..." గొంతు తగ్గించింది. "గీ సెల్లు తీసుడు ఎరుకుంటే పోకపోతుండె గదన్నా?"

నేను పెట్టె మూత బిగించసాగాను.

"ఏమైందట బిడ్డా?" బయటి నుంచి అత్త అడిగింది.

"లోపల వైరు ఊడిందటత్తమ్మా. ఎవరి తప్పు లేదట." చెప్పి నా వైపు చూసింది.

"అవునమ్మా, వైరే," అన్నాను.

ముసలామె లేచి మెల్లగా లోపలికి వచ్చింది. పెట్టె మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడింది.

"ఎచ్చగుంది," అంది.

తర్వాత కోడలికి గాజులరామారంలో టైపింగ్ పని దొరికిందని విన్నాను. ఫ్యాను తిరుగుతూ తెర నల్లగా ఉన్న కంప్యూటర్లు ఆ తర్వాత చాలానే వచ్చాయి. ఆ చప్పుడు వింటుంటే ఒక మనిషి చొక్కా తొడుక్కుని బండి తాళం వెతుక్కుంటున్నట్టు అనిపించేది. ఎవరూ అడగకపోయినా సెల్లు ఎక్కడుంటుందో, ఎలా తీయాలో చూపించి పంపేవాణ్ణి. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కునేవారు.