కొండ అవతలి కూటమి

ప్లమ్ క్రీక్ కాలేజీ ఆటల కూటమి మారుతోందన్న కబురు వెర్లిన్ క్రౌటర్‌కు క్షవరం చేయించుకుంటుండగా తెలిసింది. ఆ కాలేజీ జట్ల బస్సు నడిపేది అతనే, పంతొమ్మిదేళ్లుగా. ఇన్నాళ్లూ కూటమి పోటీలన్నీ అమెరికాలోని నెబ్రాస్కా మైదాన ప్రాంతంలో, ఇరుగుపొరుగు కాలేజీలతోనే. మొక్కజొన్న చేల మధ్య గీత గీసినట్టుండే రోడ్లు. అయితే ఆ పాత కూటమిలో కొన్ని కాలేజీలు మూతబడ్డాయి, మిగిలినవి పెద్ద కూటముల పంచన చేరాయి. ప్లమ్ క్రీక్‌ను రమ్మన్నది పడమటి కొండల్లోని కూటమి ఒక్కటే.

"నీకేం వెర్లిన్, కొండలూ కోనలూ చూసొస్తావ్," అన్నాడు మంగలి కుర్చీ తిప్పుతూ.

వెర్లిన్ నవ్వాడు. అద్దంలో ఆ నవ్వు అతనికే అతికించినట్టు కనబడింది.

అతనికి అరవై ఒకటో ఏడు నడుస్తోంది. ధాన్యం లారీ, బడి బస్సు, ఆ తర్వాత ఈ పెద్ద బస్సు, ఏది నడిపినా చదును నేల మీదే. బరువుతో కొండ దిగడం ఎలాగో ఎవరూ నేర్పలేదు, తనూ అడగలేదు. ఇన్నేళ్ల డ్రైవరువి, ఆ మాత్రం తెలీదా అంటారేమోనని బెరుకు. భోజనం బల్ల మీద పటం పరిచి, కొండలు దాటే ఎల్క్‌టూత్ కనుమ దారి మీదే వేలు పెట్టుకుని కూర్చుంటే భార్య నొరీన్ విసుక్కుంది. "ఆ కనుమ నిన్నేం మింగదులే. తిను, చల్లారిపోతోంది."

నవంబరులో మొదటి ప్రయాణం. వెనక సీట్లలో అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు, పధ్నాలుగు మంది. ఎల్క్‌టూత్ కనుమకు తూర్పు వైపు వాలు తక్కువ. ఎక్కడం సాఫీగానే సాగింది. పడమటి వైపు దిగడం మొదలయ్యాక మాత్రం బస్సు అతని మాట వినడం మానేసింది. మలుపు తిరిగితే మళ్లీ వాలే. బ్రేకు మీద నుంచి కాలు తీయడానికి ధైర్యం చాల్లేదు. నాలుగో మైలుకి బ్రేకు మెత్తబడింది. అయిదో మైలుకి పాదం కింద ఏమీ లేనట్టయింది. బ్రేకులు పోయిన లారీల కోసం పోసిన కంకర దిబ్బ కుడివైపు కనబడింది. అందులోకి తిప్పనా వద్దా అనుకునేలోపే వెనక్కి వెళ్లిపోయింది.

"ఏదో కాలుతున్న వాసనొస్తోంది," అంది రెండో వరసలోని బ్రిన్ అనే అమ్మాయి.

"ముందు పోయే లారీదమ్మా," అన్నాడు.

ముందు లారీ ఏదీ లేదు. వాళ్లకింకా భూమ్మీద నూకలుండబట్టి రోడ్డు ఒక మెట్ట ఎక్కింది, బస్సు ఆగింది. అమ్మాయిలు చెవుల్లో పాటలు పెట్టుకుని ఉన్నారు. చక్రాల దగ్గర లేచే పొగ వాళ్ల కంట పడకుండా చల్లారేదాకా అతను బస్సు చుట్టూ తిరుగుతూ అద్దాలు తుడిచాడు. ఇంటికొచ్చాక బ్రేకులు మార్పించి, అరిగిపోయాయని మాత్రం చెప్పాడు.

ఆ అబద్ధం అతన్ని తినేసింది. నొరీన్ రొట్టె కాలుస్తుంటే ఆ వాసనకి ఉలిక్కిపడేవాడు. చర్చిలో ప్రార్థనకు కూర్చున్నా కుడికాలు నేలను నొక్కుతూనే ఉండేది.

ఫిబ్రవరిలో మళ్లీ అదే కనుమ. ఈసారి మంచు పడుతోంది. మిట్టమధ్యాహ్నం శిఖరం మీద బస్సు పక్కకు తీసి ఇంజన్ ఆపేశాడు. కోచ్ టెస్సా హాల్వర్సన్ ముందుకొచ్చింది.

"ఏమైంది వెర్లిన్? ఎందుకాపారు?"

"నేను దింపలేనమ్మా."

"రోడ్డు మూయలేదుగా! ఇప్పుడే మన కళ్లముందే ఇంకో బస్సు దిగింది."

"అతనికి దిగడం వచ్చు."

"ఆట మానేస్తే ఓడినట్టే రాస్తారు. అసలే మనల్ని చదును నేల పిరికి కోళ్లంటున్నారు. ఇక చూడండి, కొక్కొక్కో అని కూస్తారు!"

అప్పుడు చెప్పాడు. మెత్తబడిన బ్రేకు, దాటిపోయిన కంకర దిబ్బ, పొగ.

"అయితే ఆ రోజు లారీ లేదన్నమాట," అంది బ్రిన్ నెమ్మదిగా.

టెస్సా ముఖం పాలిపోయింది. "పధ్నాలుగు మంది పిల్లలు. మూడు నెలలు నోరు మెదపలేదా మీరు?"

"భయమేసింది."

"దేనికి? కొండకా, మాకా?"

"రెంటికీనమ్మా."

ఆమె మంచులోకి దిగి ఫోనులో మాట్లాడి వచ్చింది. జుట్టు నిండా మంచు. "వెనక్కి తిప్పండి," అంది. ఇల్లు చేరేదాకా వెనక వరసల్లో పిల్లల మధ్యే కూర్చుంది.

ఆ రోజు రోడ్డు మూయనే లేదు. ఆ వాలు మీద ఎవరికీ ఏమీ కాలేదు. ఏదైనా జరిగుంటే తను ఆపడమే మంచిదైందని అనుకునేవాడేమో, ఆ ఓదార్పు కూడా దక్కలేదు. కాలేజీవాళ్లు ఆ ఏడాదికి అతన్ని బస్సు దింపేశారు. కాఫీ హోటల్లో ఒకడు తలుపు తీసి పట్టుకుని, "జాగ్రత్త వెర్లిన్, ఇక్కడ మూడు మెట్లున్నాయి," అన్నాడు. అందరూ నవ్వారు.

మే నెలలో అతను సిగ్గు చంపుకుని, కొండ అవతలి కాలేజీ బస్సు నడిపే డెల్మార్ ఓక్స్‌కు ఫోన్ చేశాడు.

"ఇది అడగడానికి ఇన్నాళ్లా?" అన్నాడు డెల్మార్. "అడిగి నేర్చుకున్నవాణ్ణి నేనెప్పుడూ కంకర దిబ్బలోంచి లాగలేదయ్యా. రా."

ఆ వేసవిలో ఖాళీ బస్సుతో ఇద్దరూ ఆ వాలు పదకొండుసార్లు దిగారు. "శిఖరం మీదే గేరు తగ్గించు. బస్సును ఇంజన్ పట్టుకోవాలి, నీ కాలు కాదు. బ్రేకు గట్టిగా ఒక్కసారి నొక్కు, వదిలెయ్. వదలమంటున్నానా!" మొదటి నాలుగుసార్లు దిగాక వెర్లిన్ రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాడు. డెల్మార్ అటు చూడనట్టు నిలబడ్డాడు.

కాలేజీ కొత్త చదువుల ఏడాది మొదట్లో అతన్ని మళ్లీ పెట్టుకోవాలా అని కాలేజీవాళ్లు అడిగితే టెస్సా వెంటనే ఔననలేదు. రెండు రోజులు ఆలోచించి అతన్ని పిలిచింది. "నేను మీ వెనక సీట్లోనే కూర్చుంటాను. కాలు వణికితే ఆ నిమిషమే చెప్పాలి."

"వణుకుతుందమ్మా. చెప్తాను."

నవంబరులో శిఖరం మీద ఆగి బ్రేకులు చూసుకుని, గేరు తగ్గించాడు. "ఇప్పుడు వణుకుతోంది," అన్నాడు. "సరే," అందామె. బస్సు నత్తలా దిగింది. వెనక కార్లవాళ్లు హారన్లు మోగించారు, ఒకడు పక్కనుంచి దాటుతూ పిడికిలి చూపించాడు. అమ్మాయిలెవరూ పాటలు వినడం లేదు. కిందికి చేరేసరికి అతని చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

ఆటలో ఇరవై రెండు పాయింట్లతో ఓడారు. వెర్లిన్ చూసింది తక్కువ. సగం ఆట కాకముందే బయటికొచ్చి, చక్రాల మీద ఒక్కొక్కటిగా చెయ్యి పెట్టి చూసుకున్నాడు. చల్లగానే ఉన్నాయి. అయినా ఇంకోసారి చూశాడు.