ఉత్తుత్తి బాబాయ్

లెక్కలపిల్ల యూనివర్సిటీలో ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్ చదివే రోజుల్లో వాళ్ళమ్మకు ఆ పేరు నోరు తిరిగేది కాదు. "డబ్బుల లెక్కలేగా? ఆ మాత్రం దానికి ఇన్నేళ్ళు చదవాలా?" అనేది. తోటివాళ్ళు కొందరు బ్యాంకుల్లో కుదురుకున్నారు, కొందరు షేర్ల బజారులోకి దూకారు. మన పిల్ల మాత్రం జీవిత బీమా కంపెనీలో చేరింది. ఎలాంటివాళ్ళు ఎన్నాళ్ళు బతుకుతారో అంచనా కట్టడం అక్కడి పని.

"యముడి దగ్గర గుమాస్తా అన్నమాట!" అని వాళ్ళన్నయ్య ఒకటే ఎగతాళి.

ఆ ఆఫీసులో ఓ పద్ధతి ఉంది. లెక్క సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి నిజం మనుషుల వివరాలు ముట్టుకోకూడదు. ఓ ఉత్తుత్తి మనిషిని కల్పించి, అతని మీద ప్రయోగాలు చెయ్యాలి. పనయ్యాక తీసెయ్యాలి. పిల్ల కల్పించినవాడికి యాభై రెండేళ్ళు. లిఫ్టు మెకానిక్కు. ఎడమ మోకాలి నొప్పి, సిగరెట్ల అలవాటు. ముద్దుగా "బాబాయ్" అనుకునేది.

ఓ పొద్దున కంప్యూటర్లో ఒక్క నొక్కుతో బాబాయ్ చేత సిగరెట్లు మాన్పించింది. మధ్యాహ్నం ఆఫీసు లిఫ్టు ఆగిపోతే, ఎడమ కాలు ఈడ్చుకుంటూ ఓ మెకానిక్కు వచ్చాడు. వాచ్‌మన్ సిగరెట్టు ఇవ్వబోయాడు.

"వద్దులే. పొద్దున్నించీ ఎందుకో నోట పెట్టబుద్ధి కావట్లేదు. ఎవరో చేత్తో తీసేసినట్టు పోయింది!"

అది విన్న పిల్ల పరుగున సీటుకెళ్ళి మోకాలి నొప్పి తీసేసింది. కాసేపటికి ఆ మనిషి కుర్రాడిలా గబగబా మెట్లెక్కుతూ కనిపించాడు. మొహంలో మాత్రం సంతోషం లేదు, భయం.

మరి మనిషినే తీసేస్తే? ఆ పని జోలికి మాత్రం ఆమె పోలేదు.

ఏళ్ళు గడిచాయి. "ఆ డమ్మీగాడిని ఇంకా తీసెయ్యలేదా?" అని మేనేజరు అడిగినప్పుడల్లా, "ఉండనివ్వండి సార్, పనికొస్తాడు" అని తప్పించుకునేది. ఆమె తల నెరిసింది. కంప్యూటర్లో వయసు యాభై రెండు దగ్గరే ఆగిపోయింది మరి, లిఫ్టు బాబాయ్‌కి ఒక్క వెంట్రుకా తెల్లబడలేదు.

"మా ఆవిడ నన్ను చూసి జడుసుకుంటోందమ్మా" అన్నాడోసారి.

చివరికి ఆమెకు ప్రమోషనొచ్చింది. మర్నాటి నుంచి ఆ సీట్లో కొత్తమ్మాయి. "వస్తూనే పాత చెత్తంతా ఊడ్చేస్తా మేడమ్" అంటోంది.

ఆ సాయంత్రం లెక్కలపిల్ల బాబాయ్ వివరాలు తెరిచింది. "కల్పితం" అన్న గడిలో టిక్కు ఉంది. అది తీసేస్తే నిజం మనిషి కిందే లెక్క. ఇక ఎవరూ తుడిచెయ్యలేరు, ఎవరూ ఆడించనూ లేరు. తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. కళ్ళు మూసుకుని టిక్కు తీసేసింది. ఆ తర్వాత ఎంత నొక్కినా ఏ గడీ ఆమె మాట వినలేదు.

బయట లిఫ్టు కిర్రుమని ఆగింది. బాబాయ్ దిగాడు. జుట్టంతా నెరిసిపోయింది. కాలు ఈడుస్తూ, జేబులు తడుముకుంటున్నాడు.

"అగ్గిపెట్టె ఉందా అమ్మా?"

"తాగకు బాబాయ్" అంది. నొక్కడానికి ఏమీ లేదు. ఇక బతిమాలుకోవడమే.

"భలేదానివే! నా నోరు, నా ఇష్టం" అని హాయిగా నవ్వాడు.