తెల్ల బూడిద కింది మనుషులు

జీవరత్నం చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. అయితే ఆమెకు రాళ్ళు తెలుసు. ఒక రాయి దానంతట అది పగిలిందో, మనిషి కొడితే పగిలిందో వేలితో తడిమి చెప్పగలదు. ఆమె నాయన ఓబయ్య ఆళ్ళగడ్డలో శిల్పుల దగ్గర పనిచేసేవాడు. కళ్ళు, ముక్కు తీర్చేది శిల్పులు. అంతకుముందు బండలోంచి భుజాలు, మోకాళ్ళు మోటుగా తేల్చి ఇచ్చేది ఓబయ్య. వారమంతా ఆంజనేయుణ్ణీ అమ్మవార్లనూ చెక్కి, ఆదివారం తెల్లచొక్కా తొడుక్కుని చర్చికి పోయేవాడు.

"నాయనా, మన దేవుడు కోప్పడడా?" అని చిన్నప్పుడు ఆమె అడిగింది.

"నేను చేసేది రాతిపని పాపా. దేవుని సంగతి చూసేంతటోన్ని కాదు" అన్నాడాయన, సుత్తి దించకుండానే.

పెళ్ళయి నంద్యాలకు పడమటనున్న ఒక ఊరికి కాపురానికి వచ్చింది. ఆ ఊరి చుట్టూ ఎక్కడ తవ్వినా ఎర్రమట్టి కింద పిండిలాంటి తెల్ల బూడిద. లారీలకెత్తి గిన్నెలు తోమే పొడికి పంపేవారు. అది ఎక్కడినుంచి వచ్చిందని ఊళ్ళో ఎవరూ అడగలేదు.

ఆమె భర్త సంజీవయ్య మంచివాడు. ఎద్దును కూడా గట్టిగా అదిలించేవాడు కాదు. కానీ గుడికీ పోడు, చర్చికీ రాడు. బాప్తిస్మం తీసుకొమ్మని ఆమె ఇరవయ్యేళ్ళు పోరింది. "చూద్దాంలే" అంటూనే ఒక మధ్యాహ్నం శెనగ చేలో గుండె ఆగి పడిపోయాడు. సమాధి దగ్గర పాస్టరు ఇమ్మానుయేలు వాక్యం చదివాడు గానీ, సంజీవయ్య ప్రభువు దగ్గరికి పోయాడన్న మాట మాత్రం అనలేదు. అనని ఆ మాట జీవరత్నం లోపల ముల్లులా ఉండిపోయింది.

మరుసటి ఏడు హేమలత అనే ఆమె విశ్వవిద్యాలయం నుంచి పూర్వకాలపు మనుషుల ఆనవాళ్ళ కోసం తవ్వకాలకు వచ్చింది. మట్టి జల్లెడ పట్టడానికి ఊళ్ళో ఆడవాళ్ళను పిలిచింది. జీవరత్నం చేరింది. పదోరోజు, బూడిద పొరకు బారెడు కిందనుంచి తీసిన మట్టిలో అరచేతిలో పట్టేంత రాయి ఒకటి దొరికింది. పక్కనున్న ఆమె దాన్ని పారేయబోతే జీవరత్నం చెయ్యి పట్టుకుంది.

"ఇది కొట్టిన రాయి మేడమ్. చూడండి, దెబ్బ ఈడ పడింది, పెళ్ళ ఇట్లా లేచింది."

హేమలత రాయి అందుకుని, గుంత గట్టుమీదే కూర్చుండిపోయింది. ఆ బూడిద సముద్రం అవతల ఒక కొండ పేలితే గాలికి కొట్టుకొచ్చి పడిందనీ, పడి డెబ్భై వేల యేండ్లు దాటిందనీ చెప్పింది. ఈ రాయి చెక్కిన మనిషి అంతకంటే ముందటివాడు. ఫోనులో పుర్రెల బొమ్మలు చూపించింది. మనుషులు ఒక్కసారిగా ఇట్లా పుట్టలేదని, కోతిలాంటి జీవాల నుంచి లక్షల యేండ్లు మెల్లమెల్లగా మారుతూ వచ్చారని వివరించింది.

"నేనైతే దేవుణ్ణి నమ్మనమ్మా" అని కూడా అంది.

జీవరత్నం జల్లెడ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "మీరు నమ్మకపోతే మాన్లెండి మేడమ్. ఆయన ఇంతకాలం పిలిచేవాళ్ళు లేకుండానే ఉన్నాడు గదా."

ఆ రాయికి రెండు అంచులూ సమంగా చెక్కి ఉన్నాయి. కోయడానికి ఒక అంచు చాలునట. రెండోది ఎందుకు చెక్కాడో తెలియదని హేమలత ఒప్పుకుంది. జీవరత్నానికి మాత్రం తెలిసినట్టే అనిపించింది. పాతచీరల బొంత కుట్టేటప్పుడు, చలికి అక్కర్లేకపోయినా ఆమె అంచు చుట్టూ ఎర్రదారంతో ఇంకో వరస వేస్తుంది. ఎవరూ అడగరు. వేయకపోతే మనసొప్పదు. అట్లాంటి మనిషే అతనూ. యేండ్ల లెక్క, కోతి లెక్క ఆమెను కలవరపెట్టలేదు. ఒకటే తొలిచింది. ఏసు పేరు వినకుండా ఇన్నివేల తరాలు పుట్టి, పిల్లల్ని సాకి, చచ్చిపోయారు. వాళ్ళందరినీ దేవుడు పారేశాడా?

ఆ ఆదివారం ఆమె వంతు వచ్చినప్పుడు లేచి ప్రార్థన చేసింది. "తండ్రీ, బూడిద కింద ఉండే మనుషుల్ని మర్చిపోవద్దు. నీ పేరు తెలీకపోయినా వాళ్ళు నీ బిడ్డలే. మా ఇంటాయన్ని కూడా వాళ్ళతో పాటే చూసుకో."

చర్చిలో ఎవరూ ఆమెన్ అనలేదు. కూడిక అయ్యాక ఇమ్మానుయేలు ఆమెను పక్కకు పిలిచాడు.

"లోకం పుట్టి ఆరువేల యేండ్లమ్మా. నువ్వేందీ ఇట్లా మాట్లాడతాండావ్? ఆ పనన్నా మాను, చర్చిలో ప్రార్థన చెప్పేదన్నా మాను."

"పని మాననయ్యగారూ" అంది జీవరత్నం.

అప్పటినుంచి చర్చిలో వెనక వరసలో కూర్చుంది. పాటలు పాడేది, ప్రార్థనకు లేచేది కాదు. ఆడవాళ్ళు కొందరు ముఖం తిప్పుకున్నారు. జల్లెడ దగ్గర మాత్రం ప్రార్థనతో పెదాలు కదిలేవి.

ఎండలు ముదిరే వేళకు తవ్వకం ముగియవచ్చింది. ఒక పొద్దున ఇమ్మానుయేలు స్కూటరు మీద గుంత దగ్గరికి తనే వచ్చాడు. జీవరత్నం ఆయన్ను మెట్లమీదుగా గుంతలోకి దించింది. పైన ఎర్రమట్టి, నడుమ తెల్ల బూడిద, కింద మళ్ళీ మట్టి, గీత గీసినట్టు.

"కొట్టిన రాళ్ళు బూడిద కిందా దొరికినాయి, పైనా దొరికినాయి. ఇంత బూడిద పడినా వాళ్ళు పోలేదయ్యగారూ. మళ్ళా లేసినారు."

ఇమ్మానుయేలు బూడిద పొర మీద చెయ్యి వేశాడు. "మా అమ్మ కూడా బాప్తిస్మం లేకుండానే పోయింది" అన్నాడు మెల్లగా. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు.

జీవరత్నం ఆయనకు మంచినీళ్ళు ఇచ్చింది.

"ఆదివారం నువ్వు ప్రార్థన చెయ్యి" అన్నాడాయన పైకెక్కుతూ. "యేండ్ల లెక్క మాత్రం చెప్పొద్దు. సంఘం పెద్దలకు నేను జవాబు చెప్పలేను."

"లెక్క నాకూ సరిగ్గా తెల్దులే" అంది జీవరత్నం.

హేమలత పోయేముందు రోజు ఇద్దరూ గట్టుమీద టీ తాగారు. ఇంతకీ మనిషి ఎందుకు పుట్టాడంటావని హేమలత నవ్వుతూ అడిగింది. జీవరత్నం నవ్వలేదు.

"రెండో అంచు చెక్కేదానికేమో మేడమ్. ఒక అంచు జంతువుకైనా చాలు."

హేమలత గ్లాసు కింద పెట్టి, జేబులోంచి పుస్తకం తీసి ఆ మాట రాసుకుంది. గుంతను పూడ్చడానికి మనుషులు పారలు పట్టుకుని అప్పటికే వస్తున్నారు. జీవరత్నం కొంగు నడుముకు చెక్కుకుని, తనూ ఒక పార అందుకోవడానికి వాళ్ళకు ఎదురు నడిచింది.