బోదెలో తొక్కిన కొబ్బరి డొక్కలు

నా చిన్నప్పుడు, తొలకరికి ముందు ఓ ఆదివారం మా వీధి వీధంతా బోదెలోకి దిగేది... ఇళ్ల ముందు వాన నీరు పోయే చిన్న కాలువ అది. ఎవరి గుమ్మం ముందు పూడిక వాళ్లే పారతో తీసుకోవాలి.

ఆ ఏడు నాన్న కారు కొన్నారు. బోదె దాటి లోపలికి తెచ్చే దారి లేదు. కొబ్బరికాయ ఒలిచిన డొక్కలతో, అదే పీచు తొక్కలతో, బోదె నింపేసి, పైన మట్టి పోశారు. నేను ఎగిరెగిరి తొక్కాను...

పక్కింటి ఎస్తేరు టీచరుగారు గుమ్మంలోకి వచ్చారు. "నీళ్లెటు పోతాయండి మరి? నా ఇల్లు పల్లంలో ఉంది కదండీ."

"డొక్క పీల్చేసుకుంటాదండి, ఆయ్! మీరేం కంగారు పడకండి," అన్నారు నాన్న.

"వాన మీ కారుని చూసి ఆగుద్దేంటండీ?" నవ్వారావిడ.

"మా కారు రావాలి కదండీ టీచరుగారూ!" అన్నాను నేను. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

ఊళ్లో వినబడ్డ పాత మాటలన్నీ ఆవిడ నోటుబుక్కుల్లో రాసుకునేవారు. రోజూ సాయంత్రం నాకో మాట చెప్పేవారు... ఆ పుస్తకాలన్నీ మంచం కింద ట్రంకుపెట్టెలో ఉండేవి.

ముసురు పట్టిన రెండో రోజు మట్టి కరిగి, డొక్కలు తేలి, రోడ్డు కింద తూముకి అడ్డం పడ్డాయి. నీళ్లు టీచరుగారింట్లోకి తిరిగాయి. నాన్న నడుంలోతు నీళ్లలో దిగి డొక్కలు లాగేసరికి పెట్టె మునిగిపోయింది.

పుస్తకాలు మా కారు మీదే ఆరబెట్టాం... నీలం మరకలే మిగిలాయి.

"తప్పైపోయిందండి," అన్నారు నాన్న.

"పోన్లెండి... పిల్లకి కొన్ని చెప్పేనుగా," అన్నారావిడ.

ఆ కొన్నిట్లో నాకు గుర్తున్నవి పదో, పన్నెండో.

ఆ ఏడే ఆవిడ మలికిపురం వెళ్లిపోయారు.

ఇప్పుడు సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. మొన్న చలిదేశాల నగరాల పాఠం... రోడ్డు మీది మంచుని పక్కకి తోసి కాలువ మూతి మీద పోస్తే, కరిగిన నీళ్లు ఇళ్లలోకి పోతాయట. అందుకే మంచుకి ముందే చోటు వదలాలట, కాలువ మూతులు తెరిచి ఉంచాలట. నాకు మాత్రం డొక్కలే కనబడ్డాయి.

మా వీధిలో ఇప్పుడు ప్రతి గుమ్మానికీ సిమెంటు దారే. పిల్లలకి బోదె అన్న మాటే తెలీదు...

మీ ఊళ్లో వాననీ, నీటి దారులనీ ఏయే మాటలతో పిలిచేవారు? కింద రాయండి. కొత్త నోటుబుక్కు కొన్నాను... టీచరుగారికి కొన్నైనా తిరిగివ్వాలి.