కాలువ నీళ్లతో కడిగిన కొల్లేటి బురద

మా కాలేజీ స్వర్ణోత్సవ సంచికలో మా గురువుగారిని కొల్లేటి చరిత్ర విప్పిన మహనీయుడన్నారు. ఆయన విప్పింది కొల్లేటి చరిత్ర కాదు, కాలువ నీళ్ల చరిత్ర. ఆ నీళ్లు మోసింది నేనే గనక చెబుతున్నాను.

డెబ్బైలలో ఆయన దగ్గర ఇద్దరం పరిశోధన చేసేవాళ్లం: నేనూ, పటమట నుంచి వచ్చే ఒక క్రైస్తవ కుటుంబం అమ్మాయీ. కొల్లేట్లో పొడుగాటి గొట్టం దింపి అడుగుబురద తీసేవాళ్లం. అందులో నువ్వుగింజ కన్నా చిన్న పెంకులుంటాయి. రొయ్యకు దూరపు చుట్టమైన ఒక జీవి వదిలిపోయినవి. ఏ పొరలో ఏ రకం పెంకులున్నాయో చూస్తే, ఆనాడు సరస్సులో ఉన్నది మంచినీరో ఉప్పునీరో చెప్పొచ్చు. అంతకుముందు బురదను జల్లెడలో కడగాలి, శుభ్రమైన నీళ్లతో.

మా గురువుగారికి శుభ్రమంటే పంచె ఇస్త్రీ ఒక్కటే. "కాలువ పక్కనే పెట్టుకుని కుళాయి దగ్గర పడిగాపులేంటయ్యా? ముంచుకురా" అన్నారు. ముంచుకొచ్చాను. పైసగం బురద అలాగే కడిగాను. ఇంతలో వేసవి వచ్చి కాలువలకు నీళ్లు కట్టేశారు. కిందిసగం బావినీళ్లతో కడిగాను. పైసగంలో మంచినీటి పెంకులు కుప్పలు, కిందిసగంలో ఒక్కటీ లేదు. ఇంకేం, సముద్రం వెనక్కి పోయి కొల్లేరు మంచినీటి సరస్సయిందని ఆయన సిద్ధాంతం కట్టేశారు. కిందిసగంలో ఉప్పునీటి పెంకులు కూడా లేవన్న సంగతి ఆయనకు అడ్డు రాలేదు. కాలువలు వదిలే రోజు చూసుకుని నారు పోసే ఇళ్లలో పుట్టాం, ఆయనా నేనూ. అయినా తట్టలేదు.

తట్టింది ఆ అమ్మాయికే. "మాస్టారూ, వీటికి కాళ్లింకా ఉన్నాయండీ. పాతవైతే ఒట్టి పెంకులే మిగలాలి కదండీ. మిగిలిన పైబురద డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి చూశాను, ఇవేం రాలేదండీ. ఇవి కాలువ నీళ్లలో వచ్చినవేనండీ."

"కళ్లజోడు మార్పించుకోమ్మా" అన్నారాయన. నేను నవ్వాను.

కొన్నాళ్లకు బయటి యూనివర్సిటీ పెద్దాయన ఒకరు వచ్చి మైక్రోస్కోపులో చూశారు. "ఇవేంటండీ, నిన్నటిదాకా ఈదుతున్నట్టున్నాయి!"

గురువుగారు రెప్ప వేయలేదు. "ఆ అమ్మాయి కడిగిందండీ. చెబితే వినదు."

ఆమె నావైపు చూసింది. నా స్కాలర్‌షిప్పు ఆయన చేతిలో ఉంది. నేను జల్లెడ తుడుస్తూ కూర్చున్నాను.

ఆమె పరిశోధన అక్కడితో ఆగింది. పెళ్లి కుదిరి మానేసిందని డిపార్టుమెంటులో చెప్పుకున్నారు. పెళ్లీ లేదు, పాడూ లేదు, ఆయనే పొమ్మన్నారు. తర్వాత కొత్త బురద తెచ్చి, ఆమె చెప్పినట్టే కడిగి, నేను డాక్టరునయ్యాను.

ఈమధ్య వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్టు దగ్గర కనిపించింది. బడిలో సైన్సు చెబుతోందట. జరిగింది జరిగినట్టు రాస్తానన్నాను.

"రాయండి. నా పేరు మాత్రం పెట్టకండి. మీ ఇద్దరి పక్కన నేనెందుకండీ?" అని, చాక్‌పీసుల డబ్బాలు ఒళ్లో పెట్టుకుని రిక్షా ఎక్కింది.